లీనియర్ రెగ్యులేటర్ (ఎక్కువ వోల్టేజీని స్థిరమైన తక్కువ వోల్టేజీకి దించే చిప్) సర్క్యూట్‌లో పెట్టే ముందు

- ముందు వేడి లెక్క వేయండి. చాలామంది వదిలేసేది దీన్నే. ఇన్‌పుట్, అవుట్‌పుట్ వోల్టేజీల తేడాను కరెంటుతో గుణిస్తే ఎన్ని వాట్లు వేడిగా పోతాయో తెలుస్తుంది. 12 వోల్టులను 5కి దించి అర ఆంపియర్ లాగితే 3.5 వాట్లు. టీఓ-220 ప్యాకేజీ (వెనక లోహపు ట్యాబ్, మూడు కాళ్లు ఉండే రకం) 7805కి, అంటే 5 వోల్టుల రెగ్యులేటర్‌కి, హీట్ సింక్ (వేడిని లాగేసే లోహపు ముక్క) లేకపోతే వాటుకు సుమారు 65 డిగ్రీలు పెరుగుతుంది. లెక్క ప్రకారం 200 దాటాలి. అంతదాకా రాకముందే లోపలి రక్షణ అవుట్‌పుట్ ఆపేస్తుంది, మనమేమో తప్పు ఇంకెక్కడో వెతుకుతూ కూర్చుంటాం.
- 7805 ఇన్‌పుట్ 7 వోల్టులకు తగ్గకూడదు, రిపుల్ (ఇన్‌పుట్ వోల్టేజీలో మిగిలే హెచ్చుతగ్గులు) అడుగున కూడా. 35 దాటకూడదు.
- ఇన్‌పుట్‌కు 0.33, అవుట్‌పుట్‌కు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు, కాళ్లకు బాగా దగ్గరగా. ఎల్‌డీఓ (ఇన్‌పుట్, అవుట్‌పుట్ తేడా తక్కువున్నా పనిచేసే రెగ్యులేటర్) వాడితే డేటాషీట్ చెప్పిన రకం కెపాసిటరే పెట్టండి, లేదంటే ఆసిలేట్ అవ్వొచ్చు, అంటే అవుట్‌పుట్ నిలకడ లేకుండా ఊగొచ్చు.
- 7905 (మైనస్ 5 వోల్టుల రెగ్యులేటర్) కాళ్ల వరుస వేరు! దాని ట్యాబ్ గ్రౌండ్ కాదు, ఇన్‌పుట్. 7805తో కలిపి ఒకే హీట్ సింక్‌కు బిగిస్తే మధ్యలో మైకా షీటు, స్క్రూకి ఇన్సులేటింగ్ వాషర్ ఉండాల్సిందే.
- అవుట్‌పుట్‌లో పెద్ద కెపాసిటర్ ఉంటే, అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కు ఒక 1ఎన్4007 డయోడ్. క్యాథోడ్ గీత ఇన్‌పుట్ వైపు.
- మొదటిసారి పవర్ ఇచ్చేటప్పుడు అసలు బోర్డు కలపకండి. మీటర్‌లో 4.8 నుంచి 5.2 మధ్య కనిపించాకే కలపండి. ట్యాబ్ వేడెక్కిందా అని వేలు మాత్రం పెట్టొద్దు.