షార్త్ర్ కెథడ్రల్‌లో కిటికీలు చదవడం ఎలా

ఫ్రాన్సులోని షార్త్ర్ ఊళ్లో ఉన్న కెథడ్రల్ (పెద్ద కథోలిక చర్చి) బైబిలు కథల బొమ్మలున్న రంగుగాజు కిటికీలకు పేరు. పారిస్‌లోని మోంపర్నాస్ స్టేషన్ నుంచి అక్కడికి రైల్లో గంట పైచిలుకు. స్టేషన్ నుంచి గుడికి నడిచే వెళ్లొచ్చు, ప్రవేశ రుసుము లేదు. గంటలో చుట్టేసి వచ్చేవాళ్లకు నీలం రంగు తప్ప ఏమీ గుర్తుండదు. కనీసం సగం రోజు కేటాయించండి. 8 రెట్లు పెద్దగా చూపే చిన్న బైనాక్యులర్ తప్పనిసరి. అది లేకపోతే పైవరస బొమ్మలు అందవు.

బయటి ఎండలోంచి రాగానే లోపలంతా చీకటిగా ఉంటుంది. ఫోన్ తీయకుండా పదిహేను నిమిషాలు కూర్చోండి, రంగులు వాటంతటవే తేలతాయి. పడమటి గోడలోని మూడు పొడవాటి కిటికీలు 1194 అగ్నిప్రమాదాన్ని తట్టుకున్నవి. వాటిని సాయంత్రం పూటే చూడాలి. మబ్బు పట్టిందని దిగులు పడకండి, నీలాలకు ఆ వెలుగే మేలు.

అన్ని కిటికీలూ చూడాలనుకోవద్దు, ఒక్కటి పట్టుకోండి. దక్షిణపు నడవలో, పడమటి వైపు నుంచి మూడోది మంచి సమరయుని కిటికీ. దెబ్బలు తిన్న బాటసారిని ఆదుకున్న సమరయుని గురించి యేసు చెప్పిన ఉపమానం అది. చదవాల్సింది కింది నుంచి పైకి. అట్టడుగున చెప్పులు కుట్టేవాళ్లు పనిలో ఉంటారు, కిటికీకి దాతలు వాళ్లే. ఆపైన బాటసారిని దొంగలు కొట్టడం, సమరయుడు సత్రానికి చేర్చడం. అక్కడితో ఉపమానం అయిపోతుంది, కానీ కిటికీ అయిపోదు: ఆదాము, హవ్వ, ఏదెను తోట నుంచి వాళ్ల గెంటివేత మొదలవుతాయి. పై నుంచి మొదలుపెట్టినవాళ్లు తికమకపడేది ఇక్కడే. దెబ్బలు తిన్న బాటసారి ఆదామే, సమరయుడు క్రీస్తే అన్నది మధ్యయుగపు వ్యాఖ్యానం. రెండు కథలనూ ఒకే కిటికీలో పెట్టింది అందుకే.

గుడి లోపల నేలమీద గీసినట్టుండే, మెలికలు తిరిగే చిక్కుదారి (లాబిరింత్) సుమారు 13 మీటర్ల వెడల్పు, నడక 260 మీటర్లు. దారి ఒక్కటే, తప్పిపోవడం ఉండదు. మామూలు రోజుల్లో దానిమీద కుర్చీలుంటాయి. తపస్సుకాలం (ఈస్టరుకు ముందటి ఉపవాస దినాలు) నుంచి సకల పునీతుల పండుగ (నవంబరు 1) దాకా ఎక్కువగా శుక్రవారాల్లో తీస్తారు, బయల్దేరేముందు గుడి క్యాలెండర్ చూసుకోండి.

దివ్యబలిపూజ (కథోలికుల ప్రధాన ఆరాధన) జరిగేటప్పుడు తిరగనివ్వరు. అది ఆటంకం అనుకోకుండా వెనక వరసలో కూర్చోండి, ఆ కిటికీలు పెట్టింది ఆరాధన కోసమే కదా. ఆ పూజలో ఇచ్చే దివ్యసత్ప్రసాదం (అప్పం) కథోలికులకే. బాప్టిస్టు, లూథరన్ సంఘాలవాళ్లు కూర్చున్నచోటే ప్రార్థించుకోవచ్చు. పెంతెకోస్తు పండుగ (ఈస్టరు తర్వాత ఏడు వారాలకు వచ్చే ఆదివారం) వారాంతంలో పారిస్ నుంచి వేలమంది కాలినడకన వస్తారు. తీరిగ్గా కిటికీలు చూడాలంటే వాళ్లు చేరుకునే ఆ మర్నాటి సోమవారం వద్దు.