స్టీరింగ్ ఆర్మ్ వంగిపోతుందా? మందంగా ఉండేది కొనే ముందు ఇవి చూస్కోండి

ఇది ముందు సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనీ కలిపే ఒకే గట్టి ఇరుసు) ఉండే బండ్ల గురించి మాత్రమే, అంటే పాత మహీంద్రా జీపులు, జిప్సీ, 2023లో వచ్చిన జిమ్నీ ఇట్టాంటివి. కొత్త థార్‌లో ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్, ర్యాక్ స్టీరింగ్, దాని కథ వేరే, ఇందులో కలపట్లా.

మన పక్క జరిగేది ఏందంటే, 31 అంగుళాల టైర్లు వేస్తారు, కమాన్ కట్టలు యాక్సిల్ కింద నుంచి తీసి పైకెక్కిస్తారు, రిమ్ముకి స్పేసర్లు (చక్రాన్ని బయటికి నెట్టే బిళ్ళలు) పెడతారు, ఓపిక ఉంటే పవర్ స్టీరింగ్ కూడా పెట్టిస్తారు, కానీ నకిల్ (యాక్సిల్ చివర చక్రంతో పాటు తిరిగే ముక్క) దగ్గరుండే ఆర్మ్, అంటే రెండు చక్రాలనీ కలిపే టై రాడ్ తగిలించే చెయ్యి, మాత్రం సన్న టైర్ల కాలంలో కంపెనీ ఇచ్చిందే ఉంటది. చీమకుర్తి క్వారీ దారుల్లోనో ఉదయగిరి కొండ కింద రాళ్ళల్లోనో ఒకసారి గట్టిగా తగిలాక అప్పుడు మొదలవుద్ది, స్ట్రాంగ్ ఆర్మ్ ఎక్కడ దొరుకుద్ది అని. ఆగండి, ముందు వంగింది ఆర్మేనా కాదా తేల్చుకోండి, సగం మంది వంగనిది మార్చేసి వంగింది అట్టనే ఉంచుకుంటన్నారు.

సమస్య: రాయికి తగిలాక స్టీరింగ్ చక్రం వంకరగా ఉండాది, బండి మాత్రం నేరుగానే పోతుండాది

ఇది ఆర్మ్ కాకపోవచ్చు. స్టీరింగ్ బాక్స్ నుంచి నకిల్‌కి వచ్చే డ్రాగ్ లింక్ వంగితే ఇట్టనే ఉంటది, రెండు చక్రాలూ ఒకదానితో ఒకటి సరిగ్గానే ఉంటాయి, స్టీరింగ్ చక్రం సెంటర్ ఒక్కటే తప్పుద్ది. రాడ్ ఊడదీసి చదునుగా ఉండే గ్రానైట్ పలక మీద దొర్లించండి (మన జిల్లాల్లో పలక దొరక్కపోవడం అంటూ లేదు), ఎగిరెగిరి దొర్లితే అదే దొంగ.

సమస్య: టో (ముందు చక్రాలు ఎంత లోపలికో బయటికో చూస్తున్నాయనే కొలత) సెట్ చేయించినా మలుపులో ఒక పక్క టైరు కీచుమని గీసుకుంటుండాది

ఇదే వంగిన ఆర్మ్ అసలు లక్షణం. టై రాడ్ వంగితే టో మారుద్ది, రాడ్ మార్చి టో సెట్ చేస్తే అయిపోద్ది. ఆర్మ్ వంగినా టై రాడ్ పొడవు తిప్పి టో సరిచేసేయొచ్చు, అందుకే అలైన్‌మెంట్ షాపులో అంతా బాగుందనే చెప్తారు, కానీ తిప్పినప్పుడు లోపలి చక్రం ఎంత తిరగాలి బయటి చక్రం ఎంత తిరగాలి అనే లెక్క ఆర్మ్ కోణం మీదే ఆధారపడి ఉంటది కాబట్టి ఎడమ మలుపు ఒక రకంగా కుడి మలుపు ఇంకో రకంగా అనిపిస్తది.

కనుక్కోవడం తేలికే. రెండు పక్కలా టై రాడ్ పిన్ను సెంటర్ నుంచి బ్రేక్ ప్లేటు దాకా గట్టి వైరు ముక్కతో కొలతలు తీసుకోండి, ఎడమదీ కుడిదీ తేడా కనిపిస్తే వంగినట్టే. వంగినదాన్ని గ్యాస్ పెట్టి ఎర్రగా కాల్చి సుత్తితో సరిచేస్తానంటారు, ఒప్పుకోబాకండి. ఫోర్జింగ్ చేసి హీట్ ట్రీట్‌మెంట్ చేసిన ముక్క అది, ఎర్రగా కాల్చారంటే ఆ బలం పోద్ది, పైగా వంగిన చోట కంటికి కనపడని క్రాక్ ఉండొచ్చు. క్రాక్ డౌట్ ఉంటే డీజిల్లో నానబెట్టి, పొడిగా తుడిచి, సుద్దపొడి పూసి కొంచేపు ఉంచండి, క్రాక్ ఉంటే డీజిల్ ఊరి గీతలాగా కనపడుద్ది. పాత పద్ధతే కానీ పనిచేస్తది, ఇంకా నమ్మకంగా కావాలంటే ఎర్ర డై కొట్టి చూసే స్ప్రే డబ్బాలు దొరుకుతాయి.

అసలు ఎందుకు వంగింది?

ఇది తేల్చకుండా కొత్త ఆర్మ్ వేస్తే మళ్ళీ వంగుద్ది, లేదంటే దాని పక్కది విరుగుద్ది.

ఒకటి, స్పేసర్లు, బయటికి వచ్చే రిమ్ములు. కింగ్ పిన్ను (నకిల్ దేని మీద తిరుగుద్దో ఆ పిన్ను) లైను నేలని తాకే చోటికీ టైరు మధ్యకీ ఉండే దూరం పెరిగే కొద్దీ రాయి కొట్టే దెబ్బకి లివరేజ్ పెరుగుద్ది. ఆ దూరం 50 ఎంఎం నుంచి 80 ఎంఎం అయిందనుకోండి, అదే రాయి అదే స్పీడు, ఆర్మ్ మీద లోడు 60 శాతం ఎక్కువ. అంటే స్పేసరు తీసేస్తే చాలా బండ్లకి కొత్త ఆర్మే అక్కర్లేదు, కానీ ఆ లుక్కు వదులుకోవడం ఎవరికి ఇష్టం చెప్పండి.

రెండు, స్టీరింగ్ స్టాపర్ బోల్టులు. ఫుల్ లాక్ (స్టీరింగ్ ఒక పక్కకి చివరిదాకా) తిప్పినప్పుడు స్టాపర్ ముందు తగలాలి, బాక్సు చివరికి చేరేదీ టై రాడ్ ఎండ్ బిగుసుకునేదీ దాని తర్వాతే. లిఫ్ట్ చేశాక (బండి ఎత్తు పెంచాక) ఈ క్రమం మారిపోవచ్చు, ఎవరూ చూడరు. సోమశిల పక్క ఇసుకలో ఫుల్ లాక్ పెట్టి యాక్సిలరేటర్ తొక్కితే ఆ బలమంతా స్టాపర్ మీద కాకుండా ఆర్మ్ మీద పడుద్ది.

మూడు, పవర్ స్టీరింగ్. చేత్తో తిప్పినప్పుడు టైరు రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుంటే మన చెయ్యే ఆగిపోద్ది, హైడ్రాలిక్ ఆగదు, ఏదో ఒకటి వంగేదాకా తోస్తానే ఉంటది.

సరే, ఆర్మ్ మార్చాల్సిందే అయితే ఎట్టాంటిది?

నా లెక్క ఒకటే, స్టీరింగ్‌లో ఏ ముక్కయినా వంగాలి గానీ విరగకూడదు, అందులోనూ ముందు వంగాల్సింది టై రాడ్డు, ఆర్మ్ కాదు. రాడ్డు వంగితే అక్కడే సరిచేసుకుని మెల్లగా ఇంటికి రావొచ్చు, ఆర్మ్ విరిగితే ఒక చక్రం దాని ఇష్టం వచ్చిన పక్కకి పోద్ది. అందుకని అన్నిటికన్నా గట్టిగా ఉండేది అని అడగబాకండి, మరీ గట్టిది అంటే మరీ పెళుసుది.

మెటీరియల్ విషయంలో ఈఎన్19 (ఒక రకం అల్లాయ్ స్టీలు) టి కండిషన్‌లో, అంటే ఆ గ్రేడుకి హీట్ ట్రీట్‌మెంట్ చేసింది, బాగుంటది, దాని తన్యత బలం (లాగితే తెగేదాకా ఓర్చేది) 850 నుంచి 1000 ఎంపీఏ (మెగాపాస్కల్) దాకా, మామూలు మైల్డ్ స్టీల్ 410 దగ్గర ఉంటది. ఈఎన్24 ఇంకా బలం, ఖరీదు కూడా, చాలామందికి అవసరం లేదు. ఒకే దిమ్మ నుంచి కోసిందో ఫోర్జింగో తీసుకోండి, రెండు ముక్కలు కలిపి వెల్డింగ్ చేసింది ఊరికే ఇచ్చినా వద్దు. ఈఎన్19 ముందుగా వేడిచేయకుండా వెల్డ్ పెడితే వెల్డ్ పక్కనే పెళుసుగా మారుద్ది, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటది, విరిగేది సరిగ్గా ఆ గీత దగ్గరే. ఆటోనగర్లో లారీ యాక్సిల్ ముక్క, కమాన్ పట్టీ ముక్క కోసి చేసిస్తామంటారు, స్టీలు మంచిదే అన్నా అంటారు, నిజమే మంచిదే, కానీ అది దేనికోసం గట్టిపరిచిందో ఎంతలోతు గట్టిపరిచిందో ఎవరికీ తెలియదు, అట్టాంటి దాన్ని స్టీరింగ్‌లో పెట్టబాకండి.

సైజులో అందరూ మందం చూస్తారు. కానీ టై రాడ్ తోసేది లాగేది అడ్డంగా, కాబట్టి వంగకుండా ఆపేది వెడల్పు. ప్లేటు 16 ఎంఎం నుంచి 20 ఎంఎం మందం చేస్తే బలం 25 శాతం పెరుగుద్ది, అదే వెడల్పు 40 నుంచి 50 ఎంఎం చేస్తే 56 శాతం, ఎందుకంటే వెడల్పుది వర్గం లెక్క. మూలలు కూడా చూడండి, లోపలి మూల కత్తితో కోసినట్టు ఉంటే క్రాక్ అక్కడే పుడుద్ది, గుండ్రంగా తిప్పి ఉండాలి. ఆర్మ్ కొంచెం పొడవైతే రాడ్డు మీద లోడు తగ్గుద్ది గానీ స్టీరింగ్ నెమ్మదిస్తది, రిమ్ముకి తగిలే ప్రమాదం ఉంటది, ఫుల్ లాక్‌లో చేత్తో తిప్పి గ్యాప్ చూసుకున్నాకే బిగించండి.

ఆర్మ్ నకిల్ పైన బోల్టులతో కూర్చునే రకమైతే అసలు బలహీనత ఆర్మ్ కాదు, స్టడ్‌లు. 10.9 గ్రేడ్ (బోల్టు బలం చెప్పే నంబరు) వాడండి. 12.9 ఇంకా గట్టిదే, కానీ పెళుసు, జింక్ పూత ఉన్నదైతే మరీ భయం. ఆర్మ్ కింద ఎత్తు కోసం స్పేసర్ల మీద స్పేసర్లు పేర్చే కొద్దీ స్టడ్‌ల మీద లాగుడు పెరుగుద్ది. పాత జీపు యాక్సిల్‌కి పైన ఆర్మ్ తీసినప్పుడు కింద సన్నటి షిమ్‌లు ఉంటాయి, అవి కింగ్ పిన్ బేరింగ్ ప్రీలోడ్ (ముందే ఇచ్చే బిగువు) కోసం, ఎడమవి ఎడమకి కుడివి కుడికే పోవాలి, తీసేటప్పుడే గుర్తుపెట్టి కట్టేయండి.

సమస్య: గుంటలో పడితే స్టీరింగ్ దానంతట అదే తిరుగుతుండాది

కమాన్ కట్టలు పైకెక్కించాక డ్రాగ్ లింక్ ఏటవాలుగా అయిపోయింది, యాక్సిల్ పైకి కిందకి కదిలినప్పుడల్లా అది చక్రాన్ని తోస్తది. దీనికి కిందకి దిగిన డ్రాప్ పిట్‌మన్ ఆర్మ్ (స్టీరింగ్ బాక్స్ షాఫ్ట్‌కి ఉండే చెయ్యి) చవక, కానీ బాక్స్ షాఫ్ట్ మీదా ఛాసిస్‌కి బాక్సు బిగించిన చోటా భారం పెంచుద్ది. నకిల్ వైపు ఎత్తుగా ఉండే హై స్టీర్ ఆర్మ్ మేలు, రాడ్లు రాళ్ళకి అందకుండా పైకి పోతాయి కూడా. జిమ్నీలో అయితే డ్రాగ్ లింక్ ట్రాక్ బార్‌కి (యాక్సిల్ పక్కకి జరక్కుండా ఛాసిస్‌కి కట్టే రాడ్డు) సమాంతరంగా ఉండాలి, ఒకటి మార్చి రెండోది వదిలేస్తే ఇంకా పాడవుద్ది.

సమస్య: హైవే మీద చిన్న దెబ్బకే చక్రాలు గడగడ ఊగుతున్నాయి

కావలి నుంచి ఒంగోలు పోయే లోపు ప్రాణం గుప్పిట్లో పెట్టుకోవాల్సి వస్తది, కానీ దీనికి ఆర్మ్ కొనబాకండి. బండి నేల మీద ఉండగానే ఒకరు స్టీరింగ్ అటూ ఇటూ కొంచెం తిప్పాలి, ఇంకొకరు కింద ఒక్కో జాయింట్ మీద చెయ్యి పెట్టి ప్లే (లూజు) ఎక్కడుందో పట్టుకోవాలి. తర్వాత జాకీ ఎత్తి స్టాండ్ పెట్టి టైరు పైనా కిందా పట్టుకుని ఊపండి, కదిలితే బ్రేక్ తొక్కించి మళ్ళీ ఊపండి, ప్లే పోయిందంటే వీల్ బేరింగ్, పోలేదంటే కింగ్ పిన్. అవన్నీ బాగుంటే వీల్ బ్యాలెన్స్, లిఫ్ట్‌తో తగ్గిన కాస్టర్ (కింగ్ పిన్ లైను వెనక్కి వాలే కోణం) చూడండి. స్టీరింగ్ డ్యాంపర్ (స్టీరింగ్‌కి పెట్టే షాక్ అబ్సార్బర్) వేస్తే ఊగుడు దాక్కుంటది అంతే.

సమస్య: టై రాడ్ ఎండ్ నట్టు ఎంత బిగించినా లూజవుద్ది

ఆర్మ్‌లో ఉండే కోన్ రంధ్రం సాగిపోయింది, లేదా కొత్త ఆర్మ్ కోన్‌కీ పిన్ను కోన్‌కీ మ్యాచ్ కాలేదు. చాలా టై రాడ్ ఎండ్‌లది 8 ఎంఎం పొడవుకి 1 ఎంఎం తగ్గే కోన్, కానీ అన్నీ అదే కాదు. పిన్నుకి మార్కర్ పెన్ను రాసి రంధ్రంలో తిప్పి తీయండి, రంగు అంతటా చెరగాలి, ఒక అంచునే చెరిగితే వద్దు. రేకు ముక్క చుట్టి బిగించడం ఘోరం. రాడ్డుని కింద నుంచి పైకి మార్చాలని రెండో పక్క నుంచి రీమర్ కొడితే రంధ్రం రెండు పక్కలా వెడల్పు, మధ్యలో సన్నం అవుద్ది, కోన్ స్లీవ్ పెట్టాల్సిందే. స్ప్లిట్ పిన్ను రంధ్రం కలవకపోతే నట్టు ఇంకొంచెం బిగించండి, వెనక్కి మాత్రం తిప్పబాకండి.

కొత్త ఆర్మ్ వేసి మొదటిసారి రాళ్ళల్లో తిప్పుకొచ్చాక స్టడ్‌లన్నీ టార్క్ రెంచ్‌తో మళ్ళీ చూడండి. జాయింట్ చుట్టూ ఎర్రటి తుప్పు పొడి గీతగా కనపడితే లోపల కదులుతున్నట్టే. మైపాడు పక్క ఉప్పునీళ్ళలో దిగితే మంచినీళ్ళతో కడిగి బాల్ జాయింట్ రబ్బరు బూటు చినిగిందేమో చూడండి. ఇంకోటి, ఆర్‌సీలో లేని మార్పులకి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డొస్తది, ఇన్సూరెన్స్ వాళ్ళూ అదే పట్టుకుంటారు, ఆ పని రోడ్డెక్కే ముందే ఆర్టీఓ ఆఫీసులో అడిగి తేల్చుకోండి.