పొద్దున తుమ్ములు, సాయంత్రం దగ్గు: ఇంట్లో గాలి సంగతి ముందు చూడండి

మేముండేది బెంగళూరు మారతహళ్లిలో. పాపకి దగ్గు వదలకపోతే కంగారుపడి గాలి శుభ్రం చేసే ప్యూరిఫైయర్ కొనేశాం, అయినా తగ్గలేదు, ఎందుకంటే దగ్గు ఎప్పుడొస్తోందో మేం గమనించనే లేదు. మీరు ఒక వారం పాటు ఏ టైమ్‌కి, ఏ గదిలో అన్నది రాసిపెట్టుకోండి, దాన్నిబట్టే కారణం దొరుకుతుంది.

పోపు వేశాక, దీపం పెట్టాక గొంతు గరగర, కళ్ల మంట. తప్పు రోడ్డుది కాదు, ఇంట్లో పొగది. వేపుళ్లు, అగరుబత్తులు, దోమల కాయిల్ వదిలే కణాల్లో చాలావరకు 2.5 మైక్రాన్లకన్నా చిన్నవి, వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండవు కాబట్టి ముక్కులో ఆగకుండా ఊపిరితిత్తుల లోపలిదాకా పోతాయి. మా ఇంట్లో జరిగింది ఇదే. చిమ్నీ ఉంది గానీ బయటికి పైపు లేదు, ఎండుమిరపకాయలు వేయించిన ఘాటు జిడ్డు ఫిల్టర్ గుండా తిరిగి మా మొహాల మీదికే వచ్చేది. మీ చిమ్నీ ఆన్ చేసి ఫిల్టర్ దగ్గర టిష్యూ పేపర్ పట్టుకోండి, అంటుకోకపోతే ఫిల్టర్ కడగాల్సిందే. పైపు లేకపోతే ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించి, ఎదురు కిటికీ తీసి, స్టవ్ కట్టేశాక కూడా పావుగంట తిరగనివ్వండి. కాయిల్ బదులు దోమతెర కట్టుకోండి, అగరుబత్తి బాల్కనీలో వెలిగించండి.

లేవగానే వరసగా తుమ్ములు, పదింటికి మామూలే. పరుపులో, దిండులో ఉండే డస్ట్ మైట్స్ (కంటికి కనిపించనంత చిన్న పురుగులు) పని కావచ్చు. దుప్పట్లు, గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకండి.

తుడిచిన గంటకే దుమ్ము. కిటికీ గట్టుని తడిగుడ్డతో తుడిచి గుడ్డ చూడండి. బూడిదరంగులో గరుకుగా ఉంటే చుట్టుపక్కల కన్‌స్ట్రక్షన్‌దో, ఔటర్ రింగ్ రోడ్డు మెట్రో పనులదో అయ్యుంటుంది, నల్లగా జిడ్డుగా ఉంటే బండ్ల పొగ. దోమల జాలీ దీన్ని ఆపదు. ట్రాఫిక్ టైమ్‌లో రోడ్డువైపు కిటికీలు మూసి వెనకవి తెరవండి, పొడి చీపురు మానేసి తడిగుడ్డ పెట్టండి.

వానల తర్వాత ముక్కు కారితే పక్క ఖాళీ సైటులో వయ్యారిభామ (పార్థీనియం కలుపుమొక్క) పూసిందేమో చూడండి.

ఇవన్నీ అయ్యాకే ప్యూరిఫైయర్. అసలైన హెపా ఫిల్టర్ 0.3 మైక్రాన్ల కణాల్ని 99.97 శాతం పట్టేస్తుంది, వాసనలకి మాత్రం కార్బన్ ఫిల్టర్ కావాలి, ఓజోన్ వదిలే మెషిన్ వద్దే వద్దు. పీఎం 2.5కి, అంటే పైన చెప్పిన ఆ సన్న కణాలకి, మన దేశంలో 24 గంటల పరిమితి ఘనపు మీటరు గాలికి 60 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 15, పిల్లలున్న ఇంట్లో నేనైతే రెండోదే చూస్తాను. ఊపిరి తీస్తుంటే పిల్లికూతలు వినిపిస్తే మాత్రం ఈ ప్రయోగాలేవీ చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.