విద్యారుణం: ఏ పథకం ఎవరికి వర్తిస్తుంది, దరఖాస్తు ఎలా చేయాలి

సొంత భూమి లేని కౌలు రైతు, తనఖా పెట్టడానికి తన దగ్గర ఏమీ లేదు కాబట్టి బ్యాంకులో పిల్లల చదువుకు అప్పు పుట్టదని ముందే అనుకొని, కౌన్సెలింగ్‌లో సీటు రాగానే వడ్డీ వ్యాపారిని ఆశ్రయించడం కోనసీమలోనూ భీమవరం పరిసరాల్లోనూ ఇప్పటికీ ఉంది. తనఖా అడగని విద్యారుణాలు ఉన్నాయని ఆ కుటుంబాలకు సకాలంలో తెలియాలి.

రాష్ట్ర ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు అర్హత ఉన్నవారు ముందు దాని సంగతి తేల్చుకోవాలి. అది తిరిగి కట్టవలసిన సొమ్ము కాదు. దానితో తీరని ఖర్చుకే రుణం గురించి ఆలోచించడం మంచిది.

కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 6న ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద, ఎంపిక చేసిన ఉన్నత విద్యాసంస్థల్లో మెరిట్‌పై సీటు పొందిన విద్యార్థికి తనఖా గానీ హామీదారు గానీ లేకుండా రుణం ఇస్తారు. కేంద్ర ప్రభుత్వ సంస్థలన్నీ ఈ జాబితాలో ఉన్నాయి కాబట్టి తాడేపల్లిగూడెం నిట్‌లో చేరినవారికి సందేహం అక్కరలేదు. మిగిలిన కాలేజీల పేర్లను పీఎం విద్యాలక్ష్మి పోర్టల్‌లోనే సరిచూసుకోవాలి. కుటుంబ వార్షికాదాయం 8 లక్షల రూపాయల లోపు ఉండి, వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ గానీ వడ్డీ రాయితీ గానీ పొందనివారికి, 10 లక్షల వరకు రుణంపై, వాయిదాలు కట్టనక్కరలేని మారటోరియం కాలంలో (చదివే కాలం, ఆపై ఏడాది) 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. అయితే ఇది ఏటా లక్ష మందికే పరిమితం.

ఆదాయం 4.5 లక్షల లోపు ఉండి సాంకేతిక, వృత్తి విద్యా కోర్సుల్లో చేరినవారికి మరో కేంద్ర పథకం, పీఎం-యూఎస్‌పీ సీఎస్ఐఎస్, ఇంకా మేలు. కాలేజీకి న్యాక్ (కాలేజీల నాణ్యతను మదింపు చేసే సంస్థ) గుర్తింపు లేదా కోర్సుకు ఎన్‌బీఏ (సాంకేతిక, వృత్తి కోర్సుల నాణ్యతను మదింపు చేసే సంస్థ) గుర్తింపు ఉంటే, చదివే కాలంతో పాటు మరో ఏడాది వడ్డీ మొత్తాన్ని కేంద్రమే భరిస్తుంది.

ఈ తేడా ఎంతో లెక్క వేసి చూడండి. నాలుగేళ్ల బీటెక్‌కు ప్రతి సంవత్సరం మొదట్లో లక్షన్నర చొప్పున 6 లక్షలు తీసుకుంటే, 10 శాతం సాధారణ వడ్డీ మీద కోర్సు ముగిసిన ఏడాదికి వడ్డీయే 2,10,000 అవుతుంది. 3 శాతం రాయితీతో అందులో 63,000 తగ్గుతుంది. పూర్తి రాయితీ వస్తే అసలు మాత్రమే మిగులుతుంది.

ఈ రెండింటిలోకీ రానివారికి బ్యాంకుల సాధారణ విద్యారుణం ఉంది. రుణ హామీ నిధి అండ ఉండటం వల్ల దేశంలో చదువుకు 7.5 లక్షల వరకు దీనికీ తనఖా అవసరం లేదు. సాధారణంగా 4 లక్షలు దాటితే ఖర్చులో 5 శాతం కుటుంబం భరించాలి. వడ్డీ రేటు బ్యాంకును బట్టి మారుతుంది కాబట్టి కనీసం రెండు శాఖల్లో అడిగి చూడాలి.

దరఖాస్తుకు ముందు గ్రామ సచివాలయంలో గానీ మీసేవలో గానీ ఆదాయ ధ్రువపత్రానికి పెట్టుకోండి. రాయితీ అంతా దానిపైనే ఆధారపడి ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, పదో తరగతి మార్కుల జాబితాలో పూర్తిగా ఉండటం మన దగ్గర చాలా సాధారణం; అలాంటి తేడాను ముందే సరిచేయించుకోవడం ఎంతో అవసరం. తరువాత పీఎం విద్యాలక్ష్మి పోర్టల్‌లో నమోదై, మార్కుల జాబితాలు, ర్యాంకు కార్డు, సీటు కేటాయింపు ఉత్తర్వు, కాలేజీ ఇచ్చిన ఫీజు వివరాల పత్రం జతచేసి బ్యాంకును ఎంచుకోవాలి. హామీదారు అక్కరలేకపోయినా, సహ రుణగ్రహీతగా తల్లి లేదా తండ్రి సంతకం బ్యాంకు అడుగుతుంది.

రుణం మంజూరైతే రాయితీ దానంతట అదే వస్తుందని అనుకోకూడదు. అదే పోర్టల్‌లో దానికి విడిగా అభ్యర్థన పెట్టాలి. అనారోగ్యం వంటి కారణం లేకుండా చదువు మధ్యలో మానేస్తే రాయితీ ఆగిపోతుంది, వడ్డీ భారం మొత్తం కుటుంబం మీదే పడుతుంది.