చమురు ఒలికిన చోటికి వెళ్లేముందు జాగ్రత్తలు

- ముందు కబురు, తర్వాతే పని. "కొంచెమేగా, తుడిచేద్దాం" అనుకుని దాచొద్దు. కంట్రోల్ రూమ్‌కి చెప్పాల్సినవి: ఏ చమురు, ఏ ట్యాంక్ లేదా ఏ పైపు, ఇంకా కారుతోందా, సుమారు ఎంత, కాలువ దాకా వెళ్లిందా, గాలి ఎటు వీస్తోంది. ఫోన్ ప్రమాద ప్రాంతానికి బయటే వాడాలి.

- గాలి వీపుకు తగిలేలా నడవండి. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు. గుంటల్లో, కాలువల్లో కంటికి కనబడకుండా పేరుకుంటుంది. అది సుమారు మైనస్ 40 డిగ్రీల్లో కూడా అంటుకోగలదు, కాబట్టి చల్లగా ఉందని ధీమా వద్దు. గ్యాస్ డిటెక్టర్ చూడకుండా అడుగు వేయొద్దు.

- దగ్గర్లో ఆగిన ట్యాంకర్‌ను స్టార్ట్ చేయొద్దు, స్విచ్‌లు ముట్టొద్దు.

- సురక్షితంగా చేయగలిగితేనే పంపు ఆపి, వాల్వ్ కట్టేయండి.

- ఒలికిన చమురు బయటకు పోకుండా ట్యాంక్ చుట్టూ కట్టిన గట్టుకు ఉండే డ్రెయిన్ వాల్వ్ మూసి ఉందో లేదో చూడండి. వాన నీళ్లు వదలడానికి తెరిచి మరిచిపోవడం మామూలే. అది తెరిచి ఉంటే గట్టు ఉన్నా లేనట్టే.

- నీళ్లు కొట్టి కడగొద్దు, చమురు తేలి కాలువ పడుతుంది. ఇసుకతో అడ్డుకట్ట వేయండి.

- గ్లౌజులు, కళ్లద్దాలు, యాంటీస్టాటిక్ బూట్లు (ఒంట్లో స్థిర విద్యుత్ పేరుకోనివ్వనివి), నిప్పురవ్వ రాని పారలు. ఒంటరిగా వెళ్లొద్దు.

- చమురు పీల్చిన ఇసుకను మామూలు చెత్తలో వేయొద్దు. మూత ఉన్న డ్రమ్ములో వేసి, పైన చీటీ అంటించాలి.