ఆర్కే బీచ్‌లో గుర్రం కాళ్లు ఎలా చూడాలంటే

గుర్రం పరిగెత్తేటప్పుడు కాళ్లు ఏ వరసలో పడతాయని ఎవర్నడిగినా ముందు రెండూ ఒకసారి, వెనక రెండూ ఒకసారి అంటారు, కుందేలు గెంతినట్టు. నేను డ్రాయింగ్ నేర్పుతాను, చాలా ఏళ్లు పిల్లలకి అలాగే గీసి చూపించాను, అది తప్పని తెలిసాక మనసు ఊరుకోలేదు. రెండేళ్లుగా పొద్దున్నే విశాఖ ఆర్కే బీచ్‌లో సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర్నుంచి తడి ఇసక మీద నడుస్తూ రైడ్‌లకి తిప్పే గుర్రాల్నే చూస్తున్నాను, అలా అర్థమైంది రాస్తున్నా, మీరు కూడా ఒక వారం చూస్తే పట్టేస్తారు.

మొదటి సంగతి, వెనక కాలు నుంచి లెక్క మొదలెట్టండి. అందరి కళ్లూ ముందు కాళ్ల మీదకే పోతాయి, అక్కడే వరస తప్పుతుంది. ఒంటిని ముందుకి తోసే బలం ఎక్కువగా వెనక కాళ్లదే, ముందు కాళ్లు ఎక్కువ బరువు మోస్తాయి, ప్రతి అడుగూ వెనకే పుడుతుంది. గుర్రానికి పక్కగా నిలబడండి, వెనకాల మాత్రం ఎప్పుడూ నిలబడొద్దు.

మామూలు నడక తీసుకోండి. ఎడమ వెనక, ఎడమ ముందు, కుడి వెనక, కుడి ముందు. నాలుగు దెబ్బలు, సమానంగా, త క ధి మి అని నిదానంగా చెప్పుకుంటే సరిగ్గా సరిపోతుంది. ఈ నడకలో నాలుగు కాళ్లూ గాల్లో ఉండటమన్నది ఉండదు, ఎప్పుడు చూసినా రెండో మూడో నేల మీదే ఉంటాయి, తల కూడా అడుగుకి తగ్గట్టు కిందకీ పైకీ ఊగుతుంది. గుర్రం వెళ్లిపోయాక అల వచ్చేలోపు అడుగులు చూడండి, గుండ్రంగా ఉన్నది ముందు గిట్ట, కాస్త సన్నగా కోలగా ఉన్నది వెనక గిట్ట. చక్కగా నడిచే గుర్రానికి వెనక గిట్ట ముందు గిట్ట అచ్చు మీదే పడుతుంది, లేదా దాన్ని దాటి పడుతుంది. నేను వంగి ఇది చూస్తుంటే గుర్రాలాయన "ఏటి మాస్టారూ, ఏటైనా పడిపోయిందా" అని వెతకడానికొచ్చాడు, చెప్పాక ఆయనే నాకు ఇంకో నాలుగు గుర్రాల అచ్చులు చూపించాడు.

తర్వాతది ట్రాట్, అంటే నడక కంటే కాస్త వేగంగా పోయేది. ఇందులో ఎదురు మూల కాళ్లు జతగా పడతాయి, ఎడమ వెనకతో కుడి ముందు, కుడి వెనకతో ఎడమ ముందు, మధ్యలో ఒక్క క్షణం నాలుగూ గాల్లో. తక, తక, రెండే దెబ్బలు. తల దాదాపు కదలదు, ఇది గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది. పైన కూచున్నవాళ్లు ఎగిరెగిరి పడేది ఈ నడకలోనే.

కాంటర్, అంటే ట్రాట్‌కీ దౌడుకీ మధ్య వేగం, దాని దగ్గర చాలామంది ఆగిపోతారు, అందుకే దీనికి ఎక్కువ టైమ్ ఇవ్వండి. మూడు దెబ్బలు, ఆ తర్వాత ఒక ఖాళీ. కుడి వెనక ఒక్కటే పడుతుంది, తర్వాత ఎడమ వెనకా కుడి ముందూ కలిసి, ఆఖర్న ఎడమ ముందు ఒక్కటే, అప్పుడు గాల్లోకి. తకిట అని, ఊపిరి తీసుకునేంత ఆగి, మళ్లీ తకిట. ఆఖర్న పడి ముందుకి చాచే ఆ కాలునే లీడ్ అంటారు, ఇప్పుడు చెప్పింది ఎడమ లీడ్, కుడి లీడ్‌కి మొత్తం తిరగేసుకోండి. గుర్రం ఎటు తిరుగుతుంటే మామూలుగా ఆ వైపు కాలు లీడ్‌లో ఉండాలి. మీరు రుషికొండ వైపు చూస్తుంటే సముద్రం కుడి చేతికి ఉంటుంది కదా, అటు పోతున్న గుర్రం సముద్రం వైపు మలుపు తీసుకుంటే కుడి లీడ్ కనపడాలి.

ఇది బుర్రకెక్కకపోతే ఇద్దరు నిలబడండి, ఒకరి వెనక ఒకరు, వెనకున్నవాళ్లు ముందువాళ్ల భుజాలు పట్టుకుని. ముందువాళ్లు ముందు కాళ్లు, వెనకవాళ్లు వెనక కాళ్లు. వెనకవాళ్లు ఎడమ అడుగేసిన అర అడుగు తర్వాత ముందువాళ్లు ఎడమ వేస్తే నడక, ఒకేసారి ఎదురు కాళ్లు వేస్తే ట్రాట్. కాంటర్‌కి ఇద్దరూ చిన్నపిల్లలు గుర్రం ఆటలో గెంతినట్టు ఎడమ కాలు ముందుంచి కుడి, ఎడమ, కుడి, ఎడమ అని గెంతాలి, కాకపోతే వెనకవాళ్ల ఎడమ పడేటప్పుడే ముందువాళ్ల కుడి పడాలి. మా మేనల్లుడూ నేనూ మేడ మీద సాయంత్రమంతా చేస్తే గానీ కుదర్లేదు, కుదిరాక మాత్రం ఇక మర్చిపోయే పని లేదు.

గ్యాలప్, మన దౌడు, అంటే కాంటర్‌లో కలిసి పడ్డ జత విడిపోవడమే. వెనకది, వెనకది, ముందుది, ముందుది, వేగంగా తకధిమి, తర్వాత గాల్లోకి. గాల్లో ఉన్నప్పుడు కాళ్లు చాచి ఉండవు, పొట్ట కిందకి ముడుచుకుని ఉంటాయి. పాత పెయింటింగుల్లో ముందు కాళ్లు ముందుకీ వెనక కాళ్లు వెనక్కీ చాచి ఎగురుతున్నట్టు వేసేవాళ్లు, 1878లో కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ అనే ఆయన వరసగా కెమెరాలు పెట్టి తీసిన ఫోటోలతో ఆ బొమ్మ తప్పని తేలిపోయింది. దౌడులో ఇంకోటి, ఒక్కో అంగకి ఒక్కో ఊపిరి, కాళ్లూ ఊపిరితిత్తులూ కలిసే పనిచేస్తాయి.

రాజస్థాన్ మార్వారీ, గుజరాత్ కాఠియావాడీ జాతి గుర్రాలకి రేవాల్ అని ఇంకో నడక ఉంటుంది, ఒకే వైపు కాళ్లు దాదాపు వెంటవెంటనే పడతాయి, కుదుపు తక్కువ. మన పాతవాళ్లు కూడా గుర్రం గతుల్ని ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం అని అయిదు ధారలుగా లెక్కేశారు, ఈ పేర్లు పలుకుతుంటేనే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

దౌడు కంటికి దొరకదు, ఫోన్‌లో స్లో మోషన్ పెట్టండి, సెకనుకి 240 ఫ్రేములు తీసి మామూలు 30లో చూస్తే ఎనిమిది రెట్లు నిదానంగా కనపడుతుంది. ఫ్లాష్ వద్దు, గుర్రం బెదురుతుంది. అడిగి తీయండి, పొట్ట కోసం తిప్పుకునేవాళ్లు, ఒక రైడ్ డబ్బులు చేతిలో పెడితే బావుంటుంది.

ట్రాట్‌లో తల కదలదన్నాను కదా. అది ఊగుతుంటే ముందు కాలుకి నొప్పి ఉన్నట్టు అనుమానించాలి. నొప్పి కాలు పడ్డప్పుడు తల పైకి లేపుతుంది, మంచి కాలు పడ్డప్పుడు దించుతుంది. మొన్న ఒక తెల్ల గుర్రం ఎడమ కాలు పడ్డ ప్రతిసారీ తల ఎగరేస్తుంటే వెళ్లి చెప్పాను, దాని మనిషి గిట్ట ఎత్తి చూస్తే అడుగున గాడిలో చిన్న రాయి ఇరుక్కుని ఉంది. తీసేసి, ఆ రోజు దాని మీద ఎవర్నీ ఎక్కించలేదాయన.