గాలం వేసేవాళ్ల కోసం సముద్రంలో కృత్రిమ దిబ్బ: అడుగు నేల నుంచి మొదలుపెట్టండి

చేపలు చేరడానికి సముద్రం అడుగున రాళ్లో కాంక్రీట్ బ్లాకులో దించి చేసేదే కృత్రిమ దిబ్బ. అలాంటిది కట్టాలని ఉత్సాహపడేవాళ్లు దాదాపు అందరూ మొదట అడిగేది ఏ బ్లాకులు వాడాలి, ఎన్ని వాడాలి అని. నన్నడిగితే అది మూడో ప్రశ్న. మొదటిది, దించబోయే చోట అడుగున ఏముంది? రెండోది, దించాక ఆ దిబ్బని ఏళ్ల తరబడి ఎవరు చూసుకుంటారు? ఈ రెండింటికీ జవాబు లేకుండా కాంక్రీట్ పోయడం మొదలుపెడితే డబ్బు బురదలో పోసినట్టే, ఒక్కోసారి అక్షరాలా బురదలోనే.

ముందు దిబ్బ ఏం చేస్తుందో చూద్దాం. చదునైన ఇసుక నేల మీద చేపకి దాక్కునే చోటు ఉండదు. అక్కడ ఒక గట్టి వస్తువు పెట్టగానే ప్రవాహం దానికి తగిలి పక్కలకి తిరుగుతుంది, వెనకాల నీరు నెమ్మదిస్తుంది, ఆ మరుగులో చిన్న చేపలు నిలబడతాయి, వాటిని వెతుక్కుంటూ పెద్దవి వస్తాయి. ఇదంతా రోజుల్లో, మహా అయితే వారాల్లో జరిగిపోతుంది. అయితే అలా వచ్చినవి చుట్టుపక్కల నుంచి వలస వచ్చినవే, అక్కడ కొత్తగా పెరిగినవి కావు. నిజంగా చేపలు పెరగాలంటే ఆ గట్టి ఉపరితలం మీద నాచు పట్టాలి, బార్నకిల్స్ (రాళ్లకి అంటుకునే గుల్ల జీవులు), ఆల్చిప్పలు, స్పాంజీలు అంటుకోవాలి, వాటి సందుల్లో పీతలు, రొయ్యలు చేరాలి, పిల్ల చేపలు పెద్దవాటి నోట పడకుండా కొన్నాళ్లు బతకాలి. దీనికి నెలలు చాలవు, కొన్నేళ్లు పడుతుంది. దిబ్బ చేపల్ని పోగేస్తుందా లేక పెంచుతుందా అని శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు, చేప జాతిని బట్టీ చోటుని బట్టీ జవాబు మారుతుంది. మనకి కావాల్సిన సంగతి మాత్రం స్పష్టమే: మొదటి నెలల్లో పోగైన చేపల్ని ఊడ్చేస్తే పెంచే పని మొదలయ్యే అవకాశమే ఉండదు.

ఇక చోటు. నీటి మీద పడవలో కూర్చుని అడుగు ఎలా ఉందో ఊహించకండి. సోనార్‌తో (శబ్దంతో అడుగుని చూపే పరికరంతో) ఒకసారి మొత్తం చూడండి, తర్వాత డైవర్‌ని దింపి ఒక సన్నని ఇనుప కడ్డీని నేలలోకి పొడిచి చూడమనండి. ఇంత చిన్న పరీక్ష చెప్పినంత సంగతి ఖరీదైన పరికరాలు కూడా ఒక్కోసారి చెప్పలేవు. కడ్డీ వేళ్ల పొడవు దిగి, కరకరమంటూ చేతికి తగిలి ఆగిపోతే కింద గట్టి పొర ఉన్నట్టు, దాని మీద పలుచగా ఇసుక ఉన్నట్టు. అదే మనకి కావాల్సిన చోటు. వెన్నలో కత్తి దిగినట్టు మోచేతి లోతు జారిపోతే అది మెత్తటి బురద, అక్కడ ఎంత పెద్ద బ్లాకు పెట్టినా నెమ్మదిగా మింగేస్తుంది. ఒకేచోట పొడిచి సరిపెట్టుకోకూడదు, అనుకున్న స్థలమంతా కొన్ని మీటర్లకోసారి పొడవాలి, ఎందుకంటే అడుగు నేల మనం అనుకున్నంత ఒకేలా ఉండదు.

ఇసుక లోతుగా ఉన్నా ఇంకో ఇబ్బంది. ప్రవాహం బ్లాకు చుట్టూ వేగం పెంచుకుని దాని పాదాల దగ్గర ఇసుకని తవ్వేస్తుంది, బ్లాకు ఆ గుంటలోకి ఒరుగుతుంది, మళ్లీ తవ్వుతుంది, ఇంకా దిగుతుంది. అలల ఒడ్డున నిలబడినప్పుడు మడమల కింద ఇసుక జారిపోవడం అనుభవమే కదా, అదే ఇది. అలాంటి చోట తప్పదనుకుంటే బ్లాకుల అడుగు భాగం వెడల్పుగా ఉండేలా చూసుకోవాలి, లేదా ముందు రాళ్ల పరుపు వేసుకోవాలి. నదీముఖాల దగ్గర ఇసుక కదలిక ఎక్కువ, బురదనీరు కూడా ఎక్కువ, అక్కడికి వెళ్లకపోవడమే మేలు.

ఇప్పటికే జీవం ఉన్నచోట దిబ్బ పెట్టకూడదు. సముద్రపు గడ్డి, సహజమైన రాతి నేల, పగడాలు, ఆల్చిప్పల పరుపులు ఉన్నచోట మీ కాంక్రీట్ పడితే మీరు ఉన్న ఇల్లు కూల్చి కొత్తది కట్టినవాళ్లవుతారు. ఓడల దారులు, సముద్రగర్భ కేబుళ్లు, పైపులైన్లు, ట్రాల్ వలలు (అడుగు నేల మీద ఈడ్చే పెద్ద వలలు) లాగే చోట్లు కూడా పక్కన పెట్టాలి. ఈ చివరిదాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. వల మీ బ్లాకుకి తగిలితే జీవనోపాధి కోసం వేటకెళ్లిన మనిషి వల చిరుగుతుంది, పడవకే ప్రమాదం రావచ్చు, చిరిగిన వల దిబ్బ మీదే ఉండిపోయి ఏళ్ల తరబడి చేపల్ని చంపుతూనే ఉంటుంది. కాబట్టి మ్యాపు మీద గీత గీసే ముందే ఆ నీళ్లలో రోజూ తిరిగే మత్స్యకారులతో కూర్చుని మాట్లాడండి. సరదాకి గాలం వేసే మనం, తిండికోసం వేటాడే వాళ్ల చోటు ఆక్రమించకూడదు.

అనుమతుల గురించి దేశానికో పద్ధతి ఉంటుంది, కానీ మూడు రకాల శాఖలు దాదాపు ప్రతిచోటా ఉంటాయి: మత్స్య శాఖ వాళ్లు, పర్యావరణం వాళ్లు, ఓడల రాకపోకలు చూసేవాళ్లు. సముద్రంలో చెత్త పారబోయడాన్ని అడ్డుకునే 1972 నాటి లండన్ ఒప్పందం ఒకటుంది, దాని కింద కృత్రిమ దిబ్బల గురించి ప్రత్యేక మార్గదర్శకాలు 2009లో వచ్చాయి. వాటి సారం ఒక్కటే, దిబ్బ పేరు చెప్పి చెత్త వదిలించుకోకూడదు. దించిన తర్వాత దిబ్బ ఉన్న అక్షాంశ రేఖాంశాలు, దాని నెత్తి మీద ఎంత లోతు నీరు మిగిలిందో నౌకా పటాల్లో ఎక్కించాలి. మీ అంచనా లోతు కాదు, బాగా ఆటు ఉన్నప్పుడు కొలిచిన లోతు ఇవ్వండి.

పై మార్గదర్శకాలు అంత గట్టిగా ఎందుకు చెప్పాయో తెలియాలంటే ఫ్లోరిడాలో ఫోర్ట్ లాడర్‌డేల్ దగ్గరి ఆస్‌బోర్న్ రీఫ్ అనే కృత్రిమ దిబ్బని చూడాలి. 1970లలో పాత టైర్లు, సుమారు 20 లక్షలు, కట్టలు కట్టి అక్కడ దించారు. మంచి ఉద్దేశంతోనే చేశారు. కట్టలు పట్టుకున్న క్లిప్పులు, తాళ్లు ఉప్పునీటికి పాడై తెగిపోయాయి, టైర్లు విడివిడిగా దొర్లుతూ పక్కనున్న సహజ దిబ్బలకి కొట్టుకుని పగడాల్ని పాడు చేశాయి. టైరు రబ్బరు తేలికగా ఉంటుంది, వంగుతుంది, దాని మీద పగడాలు నిలబడి పెరగవు. వాటిని బయటికి తీసే పని ఇప్పటికీ తలనొప్పిగానే ఉంది. నాకు ఆ ఫోటోలు చూసిన ప్రతిసారీ బాధేస్తుంది.

న్యూయార్క్ సబ్‌వే (భూగర్భ రైలు) పెట్టెల కథ ఇంకో పాఠం. 2001 నుంచి డెలావేర్ తీరంలో పాత మామూలు ఉక్కు పెట్టెలు దించితే బాగానే నిలబడ్డాయి, చేపలూ వచ్చాయి. అదే ధైర్యంతో తర్వాత వేరే చోట్ల స్టెయిన్‌లెస్ స్టీల్ పెట్టెలు దించితే అవి నెలల్లోనే విరిగి కూలిపోయాయి. చూడటానికి రెండూ రైలు పెట్టెలే, కానీ ఒకటి పనిచేసిందని ఇంకోటి పనిచేయాలని లేదు. పెద్ద ఓడలు కూడా దిబ్బలవుతాయి, 2006లో పెన్సకోలా దగ్గర ముంచిన విమాన వాహక నౌక ఒరిస్కనీ వాటిలో బాగా పెద్దది, కానీ ఓడలో నూనె, పాత రంగులు, ఆస్‌బెస్టాస్, కేబుళ్లలోని విషపదార్థాలు శుభ్రం చేయడమే ఒక ఉద్యమం. అది క్లబ్బులకి, చిన్న సంఘాలకి అయ్యే పని కాదు. టైర్లు, ప్లాస్టిక్, ఫైబర్ పడవలు, ఫ్రిజ్‌లు, తారు కలిసిన శిథిలాలు, మందు పూసిన కలప, వీటిలో ఏదీ వద్దు. సహజ రాయి, శుభ్రమైన కాంక్రీట్, ఈ రెండే నమ్మదగ్గవి. కూల్చిన కట్టడాల కాంక్రీట్ అయితే బయటికి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు కోసేయాలి, లేకపోతే ప్రతి గాలమూ, ప్రతి లంగరూ వాటికే చిక్కుకుంటుంది.

కొత్తగా పోసే బ్లాకుల గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఒక క్యూబిక్ మీటర్ కాంక్రీట్ గట్టు మీద సుమారు 2,400 కిలోలు తూగుతుంది, సముద్రంలో మునిగాక దాని బరువు 1,375 కిలోల దగ్గరే ఉంటుంది, మిగతాది నీరు మోస్తుంది. కాబట్టి గట్టు మీద కదలనిది నీళ్లలోనూ కదలదులే అనుకోకండి. పైగా ప్రవాహం వేగం రెట్టింపైతే బ్లాకు మీద పడే తోపుడు నాలుగు రెట్లవుతుంది, తుఫాను రోజు లెక్క మామూలు రోజు లెక్క కాదు. అలల ప్రభావం అలల పొడవులో సగం లోతు వరకు దిగుతుంది. లోతైన నీళ్లలో 10 సెకన్లకోసారి వచ్చే అల పొడవు సుమారు 156 మీటర్లు, అంటే దాని కదలిక 78 మీటర్ల దాకా తెలుస్తుంది. 20 మీటర్ల లోతులో పెట్టిన బ్లాకుకి అది బాగానే తగులుతుంది. ఆ ప్రాంతంలో వచ్చిన పెద్ద తుఫానుల అలల లెక్కలు తీసుకుని ఒక తీర ఇంజినీర్ చేత బరువు లెక్క కట్టించండి, ఈ ఖర్చులో కక్కుర్తి వద్దు.

ఆకారం విషయానికొస్తే, అందం కన్నా రంధ్రాలు ముఖ్యం. నున్నటి ఘనం లాంటి బ్లాకు చేపకి గోడ మాత్రమే. అదే బ్లాకులో ఒక పిడికిలి పట్టేంత రంధ్రం, పక్కన రెండు వేళ్లు పట్టేంతది, కింద తల దూరేంతది ఉంటే మూడు వయసుల చేపలకి మూడు గదులు. చిన్న చేప రంధ్రంలోకి దూరితే పెద్దది మూతి బయటే పెట్టుకుని ఆగిపోవాలి, పిల్ల చేప బతకడమంటే అదే. ప్రతి గదికీ రెండు ద్వారాలు ఉండటం మంచిది, ఒక వైపే తెరుచుకున్న రంధ్రంలో నీరు ఆడదు, అందులో దూరిన చేపకి తప్పించుకునే దారీ ఉండదు. లోపల బోలుగా ఉన్న పెద్ద బ్లాకులకి పైభాగంలో తాబేలు బయటపడేంత వెడల్పు దారి వదలాలి, గాలి పీల్చడానికి అది పైకి వెళ్లాల్సిందే కాబట్టి.

ఉపరితలం గరుకుగా ఉండాలి. అచ్చు లోపల కంకర చల్లో, గట్టిపడక ముందు నీళ్లతో కడిగి కంకర తేలేలా చేసో ఆ గరుకు తెచ్చుకోవచ్చు, చేత్తో రాస్తే గీరుకుపోయేలా ఉంటే సరిగ్గా కుదిరినట్టు. కొత్త సిమెంట్‌కి క్షారగుణం చాలా ఎక్కువ, జీవులు అంటుకోవడానికి అది అడ్డు; సముద్రపు నీటి పీహెచ్ (క్షారాన్ని చూపే అంకె) 8 చిల్లర ఉంటే తాజా కాంక్రీట్‌ది 12 దాటుతుంది. స్లాగ్, ఫ్లై యాష్, సిలికా ఫ్యూమ్ లాంటి పరిశ్రమల ఉప ఉత్పత్తుల పొడులు కలిపితే ఆ క్షారం కొంత తగ్గుతుంది, కాంక్రీట్ ఉప్పునీటికి తట్టుకునే శక్తీ పెరుగుతుంది. కనీసం 28 రోజులు క్యూరింగ్ (తడి ఆరనివ్వకుండా గట్టిపరచడం) చేయండి. తొందరపడి పచ్చి బ్లాకులు బార్జి (సరుకు మోసే చదునైన పడవ) ఎక్కిస్తే మూలలు విరిగేది క్రేన్ దగ్గరే.

అన్నీ ఒకేచోట గుట్టగా పోయకండి. నాకు తెలిసి గాలం వేసేవాళ్లకి బాగా ఉపయోగపడేది చిన్న చిన్న గుంపులుగా, మధ్యలో ఖాళీ ఇసుక వదిలి పరిచిన దిబ్బ. చేపలు దిబ్బ మీదే కాదు, చుట్టూ ఉన్న ఇసుకలోనూ మేస్తాయి, గుంపుల మధ్య ఆ మేత నేల మిగలాలి. పడవలు కూడా ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా పంచుకుంటాయి. గుంపుల వరుసని ప్రవాహానికి అడ్డంగా పెడితే ఎక్కువ నీరు వాటి మీదుగా వెళ్తుంది. ఇంకో మాట, గుంపుల్లో కొన్నింటి దగ్గర గాలం నిషేధించి వదిలేయండి. ఇది చాలామందికి నచ్చదు, "మన డబ్బుతో కట్టి మనం పట్టకూడదా" అంటారు. కానీ ఆ వదిలేసిన గుంపుల్లో పెరిగి పెద్దవైన చేపలే పక్క గుంపులకి వస్తాయి, గుడ్లు పెట్టే పెద్ద చేపలు అక్కడే మిగులుతాయి. ఈ విషయంలో నేను రాజీ పడను.

దించే రోజు పెద్దగా వర్ణించడానికేం లేదు, జాగ్రత్తలు తప్ప. సముద్రం ప్రశాంతంగా ఉన్న రోజు, ఆటుకీ పోటుకీ మధ్య నీరు నిలకడగా ఉండే సమయం చూసుకోండి. ముందు రోజే నీటి మీద తేలే బోయాలతో గుర్తులు పెట్టి జీపీఎస్‌తో సరిచూసుకోండి. పై నుంచి విసిరేయకుండా క్రేన్‌తో అడుగు దాకా దించి, అక్కడ కొక్కెం విడిపించండి. పై నుంచే విడుదలయ్యే కొక్కెం వాడితే డైవర్ కింద ఉండాల్సిన పని లేదు, బ్లాకు వేలాడుతున్నంతసేపు కింద ఎవరూ ఉండకూడదు. అన్నీ దించాకే డైవర్లు దిగి ఏది ఒరిగింది, ఏది పగిలింది అని రాసుకోవాలి.

అసలు పని ఆ మర్నాటి నుంచి. దించక ముందే ఆ చోటా, దానికి దూరంగా అలాంటిదే ఇంకో చోటా చేపల్ని లెక్కపెట్టి ఉంచుకోండి. తర్వాత అదే కాలంలో, అదే పద్ధతిలో రెండు చోట్లా మళ్లీ లెక్కపెట్టండి. దిబ్బ దగ్గర ఒక్కచోటే లెక్కపెడితే ఆ ఏడు సముద్రమంతటా చేపలు పెరిగాయా, మీ దిబ్బ వల్ల పెరిగాయా తేలదు. ఎన్ని పట్టారు, ఎంత సైజు, ఎన్ని వదిలేశారు అని గాలం వేసేవాళ్లందరి చేతా రాయించండి, ఫోన్‌లో ఒక ఫారం చాలు. సగటు సైజు ఏటేటా తగ్గుతుంటే ఎక్కువ పట్టేస్తున్నారని అర్థం, అప్పుడు రోజుకి ఇన్నే అనే పరిమితి తగ్గించాలి.

లంగరు వేయడం మాన్పించండి. లంగరు దిబ్బ మీద పెరిగిందంతా గీకేస్తుంది, పైగా ఇరుక్కుంటుంది. కట్టుకోవడానికి పక్కన శాశ్వత బోయాలు పెట్టండి, లేదా ప్రవాహంతో పాటు పడవని వదిలి గాలం వేయడం అలవాటు చేయండి. ఏడాదికి కనీసం ఒకసారి డైవర్లు దిగి చిక్కుకున్న గాలపు తీగలు, సీసపు గుండ్లు, వల ముక్కలు తీసేయాలి.

చివరగా వదిలేసే చేపల సంగతి. 30 మీటర్ల లోతులో పీడనం పైకన్నా నాలుగు రెట్లు ఉంటుంది, అక్కడి నుంచి చేపని గబగబా లాగితే దాని ఒంట్లోని గాలి సంచి నాలుగు రెట్లు ఉబ్బుతుంది, కళ్లు పొడుచుకొస్తాయి, పొట్ట నోట్లోంచి బయటికొస్తుంది. అలాంటి చేపని నీళ్లలో పడేస్తే తేలుతూ ఉండిపోతుంది, పక్షులకో పెద్ద చేపలకో దొరికిపోతుంది. దాని పెదవికి తగిలించి బరువుతో లోపలికి దించి అక్కడ విడిచిపెట్టే చిన్న క్లిప్పులు దొరుకుతాయి. దిబ్బ మీదకి వచ్చే ప్రతి పడవలో అది ఒకటి ఉండాలనే నిబంధన మొదటి రోజు నుంచే పెట్టండి, చేపని పడవలోకి లాగకముందే ఆ క్లిప్పుని తీగకి కట్టి సిద్ధంగా పెట్టుకోండి.